కొలతలు తీసుకోని హోటలు

నేను మందు ముట్టను. సింహాద్రి అప్పన్న సాక్షిగా ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే కొన్నాళ్ళుగా రాత్రిళ్ళు కూర్చుని నేను చదువుతున్నదంతా లండనులోని ఒక పబ్బు చరిత్ర. "ఈ వయసులో ఇదేం సరదా?" అంటూ మా ఆవిడ ఒకసారి కంప్యూటరు తెర మీదికి వంగి చూసి, ఇటుకల ఫొటోలు తప్ప మరేమీ కనబడక నిరాశగా వెళ్ళిపోయింది.

పబ్బు అంటే పబ్లిక్ హౌస్ అన్నదానికి పొట్టిపేరు. మనకి నిఘంటువుల్లో పానశాల ఉంది, మధుశాల ఉంది, వాడుకలో కల్లుపాక ఉంది. ఇవన్నీ అక్కడ ఏం తాగుతారో చెబుతాయి గాని ఎవరు కూర్చుంటారో చెప్పవు. ఇంగ్లీషువాడి మాటలో మందు వాసనే లేదు, పదిమంది ఇల్లు అన్న అర్థం మాత్రమే ఉంది. ఆ లెక్కన మా వైపు దానికి సరైన మాట హోటలు. (కోస్తాలో హోటలంటే పడకగదులుండేది కాదని మీకు వేరే చెప్పనక్కరలేదు కదా.)

నేను చదువుతున్న పబ్బు పేరు కార్ల్‌టన్ టావెర్న్. మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబు పడి అంతకుముందున్న పబ్బు పోతే, చారింగ్టన్ అనే బీరు కంపెనీ 1920-21లో ఆ స్థలంలోనే దీన్ని కట్టించింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ వీధి ఇళ్ళు కూలినా ఇది నిలబడింది. చేతులు మారి మారి చివరికి సీఎల్‌టీఎక్స్ అనే స్థిరాస్తి సంస్థకి వచ్చింది. పాతది తీసేసి ఫ్లాట్లతో కొత్త భవనం కడతామని వారు అడిగితే వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ 2015 జనవరిలో కాదంది. ఇరుగుపొరుగువారికి మాత్రం అనుమానం తీరలేదు. వారసత్వ కట్టడాల జాబితాలో దీన్ని చేర్చమని ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థకి అర్జీ పెట్టుకున్నారు. ఆ సంస్థవారు వచ్చి, గోడపలకల అచ్చులు తీసుకుని, వివరాలు రాసుకుని వెళ్ళారు. నిర్ణయం రేపో మాపో వెలువడాలి.

2015 ఏప్రిల్ 6, ఈస్టర్ సోమవారం. సామాను లెక్క చూసుకోవాలి, ఇవాళ మూసెయ్యమని పబ్బు నడిపే ఆవిడకి కబురు వచ్చింది. రెండు రోజుల తరువాత, 8వ తేదీన, బుల్‌డోజరు వచ్చింది.

అక్కడితో ఆగిపోతే అది మనకు బాగా తెలిసిన కథే. "అయ్యో" అనుకుని తరువాతి పేజీకి వెళ్ళిపోయేవాణ్ణి. కాని కౌన్సిల్ ఊరుకోలేదు. ఉన్నది ఉన్నట్టుగా, ఇటుక మీద ఇటుక పేర్చి, తిరిగి కట్టమని నోటీసిచ్చింది. సంస్థ అప్పీలుకి వెళ్ళింది. బహిరంగ విచారణ జరిగి 2016 జులైలో అప్పీలు వీగిపోయింది. 2021 ఏప్రిల్‌లో కార్ల్‌టన్ టావెర్న్ మళ్ళీ తలుపులు తెరిచింది. అవే ఎర్రిటుకలు, అదే తీరు కిటికీలు, అవే అక్షరాలతో పేరుపలక.

ఈ వాక్యం దగ్గర ఆ రాత్రి నేను చాలాసేపు ఆగిపోయాను. కారణం మా బాబాయి హోటలు.

బాబాయి మాకేమీ చుట్టం కాదు. కొండ దిగువన, అడివివరం వైపు వెళ్ళే దారిలో, పెంకుల కప్పు కింద ముప్ఫై ఏళ్ళకు పైగా టీ కాచిన మనిషి. పొద్దున్న పెసరట్టు, సాయంత్రం అల్లం టీ, మధ్యలో ఏమీ ఉండదు. ఉన్న ఒక్క దినపత్రికా పేజీలుగా విడిపోయి బల్ల నుంచి బల్లకి తిరుగుతూ ఉండేది. ఆటల పేజీ నా దగ్గరికి వచ్చేసరికి దాని మీద మూడు గ్లాసుల గుండ్రటి మరకలుండేవి. పోర్టులో రాత్రి పని దిగి వచ్చినవారు, ఉక్కు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవారు, 6ఏ బస్సుకోసం చూసేవారు, సంపెంగ బుట్టలు దించుకుని ఒక్క క్షణం నడుము వాల్చే ఆడవాళ్ళు, గ్రూప్ టూ పరీక్షకి ఏడోసారి చదువుతున్న మా సుబ్బారావు (పేరు మార్చాను, అతనిది చదివే అలవాటుంది). ఆషాఢ పౌర్ణమినాడు గిరిప్రదక్షిణ రాత్రి తెల్లవార్లూ పొయ్యి ఆరేది కాదు. ముప్ఫై రెండు కిలోమీటర్లు నడిచే జనం కాళ్ళు చాపుకుని కూర్చుంటే, బాబాయి వాళ్ళ పాదాల మధ్య చోటు వెతుక్కుంటూ గ్లాసులు పట్టుకుని తిరిగేవాడు.

మా నాన్న చోటు కిటికీ పక్కన. ఉద్యోగ విరమణ తరువాత పదకొండేళ్ళు సాయంత్రం ఐదింటికి అక్కడే ఉన్నారు. ఆయన పోయాక, కర్మలన్నీ అయిన మరునాడు, కాళ్ళు నన్ను అక్కడికే తీసుకెళ్ళాయి. బాబాయి ఏమీ అడగలేదు. గ్లాసు తెచ్చి నాన్న కూర్చునే చోట కాకుండా దానికి ఎదురుగా పెట్టాడు. నేనక్కడ కూర్చున్నాను.

బాబాయి అద్దెకుండేవాడు. ఇంటాయన పోగానే కొడుకులు వేరెవరితోనో కాగితం రాసుకున్నారు. అక్కడ నాలుగంతస్తుల భవనం లేస్తుందని విన్నాం. మేం ఎనిమిదిమందిమి ఆ బల్లల మీదే కూర్చుని అర్జీ రాయడం మొదలుపెట్టాం. పైన "గౌరవనీయులైన" అని రాసి ఆగిపోయాం. ఎవరికి రాయాలి? కొన్నవారికా, అమ్మినవారికా? కలెక్టరుగారికి రాస్తే మీరెవరని అడుగుతారు. మేమెవరం? సొంతదారులం కాము, అద్దెదారులం కాము, వారసులం కాము. రోజూ వచ్చేవాళ్ళం. ఆ మాటకి తెల్లకాగితం మీద విలువేమిటో సుబ్బారావుక్కూడా తెలియలేదు. ఇండియన్ పాలిటీ అతనికి కంఠతా వచ్చు.

శ్రావణమాసంలో ఒక ఉదయం నేను బస్సు దిగేసరికి పెంకులన్నీ ఒక పక్క పేర్చి ఉన్నాయి.

మిగతాది మా ఊరికే ప్రత్యేకం. అడివివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం, ఈ అయిదింటినీ కలిపి పంచగ్రామాలంటారు. 1990ల దశకంలో ఇక్కడి భూములకి సింహాచలం దేవస్థానం పేర రైత్వారీ పట్టాలు వచ్చాయి. అప్పటికే తరాలుగా ఇళ్ళు కట్టుకుని ఉంటున్నవారు తమ గడపలోనే ఆక్రమణదారులయ్యారు. 12 వేలకు పైగా ఇళ్ళ వ్యవహారమది. ఇళ్ళను క్రమబద్ధం చేయడానికి 2019లో శాసనసభ చట్టం చేస్తే అది హైకోర్టులో ఆగింది. దేవుడి ఆస్తి దేవుడికి ఉండాలన్న వాదంలోనూ న్యాయముంది, తాత కట్టిన ఇంటికి పెంకు మార్చుకోలేని మనిషి ఏడుపులోనూ న్యాయముంది. నేను తీర్పు చెప్పలేను. నాకు తెలిసింది ఒక్కటే. బాబాయి హోటలు పడగొట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది, ఆ చోట కొత్తది కట్టడానికి మాత్రం అనుమతి దొరకలేదు. నాలుగంతస్తులూ లేవలేదు. ఆముదం మొక్కలు లేచాయి.

మనవైపు ఇలాంటి వివాదాల్లో పెద్దది మదరాసులో నడిచింది. కథీడ్రల్ రోడ్డులోని వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ సంగతి పాతతరం తెలుగు సినిమా మనుషులు ఎవరినడిగినా చెబుతారు. 1962లో కె. కృష్ణారావుగారు తెరిచారు. చెట్లనీడన కారు ఆపుకుంటే అద్దానికి పళ్ళెం తగిలించి ఇడ్లీ పెట్టేవారు. కారు లేనివారు లోపల ఒక కాఫీతో పూట గడుపుకునేవారు. పరిశ్రమ హైదరాబాదుకి తరలక ముందు కథలు చెప్పుకోవడానికీ వేషాలు వెతుక్కోవడానికీ మనవాళ్ళు చేరిన చోట్లలో అదొకటి. ఆ స్థలం గురించి ప్రభుత్వమూ అగ్రి-హార్టికల్చరల్ సొసైటీ ఏళ్ళ తరబడి కోర్టుల్లో తేల్చుకున్నాయి. 2008లో హోటలు మూతపడింది, 2010లో అక్కడ సెమ్మొళి పూంగా అనే ఉద్యానవనం తెరిచారు. పోనీ, ఫ్లాట్లకన్నా పూలమొక్కలు నయమే. కాని నలభై ఆరేళ్ళు అక్కడ కూర్చున్నవారి తరఫున ఒక్క వకాల్తా పడే వీలు ఆ వ్యాజ్యంలో లేదు.

ఇంగ్లండులో ఆ వీలుకి చట్టంలోనే ఒక పేరు పెట్టుకున్నారు. 2011 నాటి లోకలిజం చట్టం ప్రకారం పేటవాసులు ఒక పబ్బునో దుకాణాన్నో "సమాజానికి విలువైన ఆస్తి"గా నమోదు చేయించవచ్చు. సొంతదారు దాన్ని అమ్మదలిస్తే, కొనుక్కుంటామన్న పేటవాసులకి డబ్బు పోగుచేసుకోవడానికి ఆరు నెలల గడువు దొరుకుతుంది. వారికే అమ్మాలన్న నిర్బంధమేమీ లేదు, గడువు మాత్రమే. దక్షిణ లండనులో ఐవీ హౌస్ అనే పబ్బు అలా నమోదైన మొదటిది. 2013లో 371 మంది వాటాలు వేసుకుని దాన్ని నిలబెట్టుకున్నారు. ఆరు నెలలిస్తే మేం పోగుచేసేవాళ్ళమా అంటే అనుమానమే. మా ఎనిమిదిమందిలో ముగ్గురికి బాబాయి దగ్గర ఖాతా బాకీ ఉంది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. హోటలు పోయిన నెలకి బాబాయిని వాళ్ళమ్మాయి ఇంట్లో కలిశాను. నేను ఏడుపు మొహంతో వెళ్ళాను గాని ఆయన హాయిగా మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఏటి బాబూ, ఇంత ఆలీసమైపోనాది?" అన్నాడు మామూలుగా. నేనేదో ఓదార్పు మాట మొదలుపెట్టబోతే చేత్తో ఆపాడు. "కాళ్ళు పీకెత్తన్నాయి బాబూ. మీరు కూకోడానికి నాను నిలబడాల కదా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన కూర్చోగా నేను చూడటం అదే మొదలు.

కాబట్టి అన్యాయం బాబాయికి జరిగిందని చెప్పే హక్కు నాకు లేదు. లండనులోనూ తిరిగి లేచింది గోడలే. కొత్త ఇటుకలకి పాత మరకలు ఎక్కడినుంచి వస్తాయని వాదించేవారిని నేను కాదనను. అయినా వాళ్ళమీద నాకు ఈర్ష్య కలిగింది, అది తిరిగి కట్టినందుకు కాదు. ఇంకా నిలబడి ఉండగానే ఎవరో ఒకరు వెళ్ళి "ఇది కొలిచి పెట్టండి" అని అడిగారు. నేను నా జీవితంలో రాసిన చెత్తంతా ఆ హోటల్లోనే రాశాను. ఆ హోటలు గురించి అది ఉండగా ఒక్క ముక్క రాయలేదు, ఒక్క ఫొటో తీయలేదు.

మొన్న ఆదివారం సుబ్బారావునీ ఒక టేపునీ వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆముదం మొక్కల మధ్య పునాదిరాళ్ళు ఇంకా తెలుస్తున్నాయి. పొడవు ఇరవై రెండు అడుగులు, వెడల్పు పద్నాలుగు. పొయ్యి ఎక్కడుండేదో మసి రంగు మట్టినిబట్టి తేలింది. కిటికీ దగ్గర తగువు వచ్చింది. నేను తూర్పు గోడకన్నాను, అతను కాదు మూలకన్నాడు. నాన్న మొహం మీద సాయంత్రపు ఎండ పడేదని నాకు బాగా గుర్తు. అంటే తూర్పు కానే కాదు. నేనే ఒప్పుకున్నాను.

ఆ తరువాత బల్లలు. నేను నాలుగన్నాను. సుబ్బారావు అయిదన్నాడు. పుల్లతో మట్టిలో ఒక్కొక్కటే గీసుకుంటూ వచ్చాను, ఎలా లెక్కపెట్టినా నాలుగే. అతను కాసేపు చూసి, పరమానందయ్య శిష్యుణ్ణి చూసినట్టు నన్ను చూసి, "నువ్వు కూర్చున్నది గియ్యవేం?" అన్నాడు.