వాన వెలిసేదాకా వెస్ట్ కోస్ట్‌లో

న్యూజిలాండ్ దక్షిణ దీవి పడమటి తీరంలో హోకిటికా నుంచి హాస్ట్ దాకా 6వ నంబరు హైవే మీద సుమారు 280 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరితే టీ వేళకి చేరిపోవచ్చు. క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకున్న చాలామంది ఆ దారిని అలాగే చుట్టేస్తారు: రోజుకో ఊరు, ఊరికో ఫొటో, రాత్రికి ముందే బుక్ చేసుకున్న హాలిడే పార్కు. నా లెక్కలో ఇది డబ్బు దండగ. తిరగడానికి కారు చాలు, ఇంధనమూ తక్కువే తాగుతుంది. వ్యాన్‌కి అంత అద్దె పోసేది ఆగడానికి. బయట జోరున కురుస్తున్నా ఉన్నచోటే అన్నం వండుకుని, తిని, ఒక కునుకు తీసి, వెలిశాక కదలడానికి.

ఈ తీరంలో ఆగక తప్పని పరిస్థితి ఎందుకొస్తుందో కొండల్ని చూస్తే తెలుస్తుంది. టాస్మన్ సముద్రం మీదుగా వచ్చే పడమటి గాలి తీరం దాటిన కాసేపటికే సదరన్ ఆల్ప్స్‌ని ఢీకొంటుంది. 3,724 మీటర్ల అవొరాకి శిఖరం ఆ వరుసలోదే. ఆ గాలి పైకెక్కుతూ చల్లబడి, మోసుకొచ్చిన తేమంతా ఇటే దించేస్తుంది. అందుకే హోకిటికాలో ఏడాదికి 2,900 మిల్లీమీటర్ల దాకా వాన. అవతల ఒటాగోలోకి దిగేసరికి అదే గాలి వట్టిపోతుంది, అలెగ్జాండ్రాలో 400 కూడా పడదు. పడమటి కనుమల చాటున అనంతపురం ఎండిపోవడానికీ కారణం ఇదే. అయితే ఇంత వాన పడే హోకిటికాలో ఏడాదికి 1,800 గంటలకు పైగా ఎండ కూడా కాస్తుంది. అంటే అక్కడి వాన వారాల తరబడి పట్టి పీడించే ముసురు కాదు, దంచికొట్టి వెలిసే రకం. ఒక పూట ఓపిక పడితే చాలాసార్లు మబ్బు విడిపోతుంది, ఫాక్స్ గ్లేసియర్ దగ్గరి మాథెసన్ సరస్సులో అవొరాకి తలకిందులుగా కనబడుతుంది. ఓపిక లేనివాళ్లకి కనబడేది ముందు వ్యాన్ వెనక లైట్లే.

ఆగితే ఆ ఊళ్లలో ఏముందని అడగొచ్చు. 1864లో బంగారం కోసం ఎగబడి వచ్చిన జనంతో పుట్టిన హోకిటికాలో ఇప్పుడు పౌనము అనే పచ్చరాయిని చెక్కే దుకాణాలున్నాయి. 1997 చట్టంతో ఆ రాయి మీద హక్కు మళ్లీ న్గాయ్ తాహు మావోరీలకు దక్కింది. వసంతంలో అయితే వైట్‌బెయిట్. అగ్గిపుల్లంత సన్నగా, అవతలి వెలుగు కనబడేటంత పల్చగా ఉండే చేపపిల్లల్ని గుడ్డుసొనలో కలిపి పెనం మీద చిన్న అట్టులా పోస్తారు. తలా తోకా తీయరు. ఉప్పు తప్ప మసాలా వెయ్యరు, నా నాలుకకైతే అక్కడే కాస్త చప్పగా అనిపిస్తుంది.

సెలవులు లెక్కగా ఉన్నవాళ్లు వాన వెలిసేదాకా ఎలా ఆగుతారన్నది న్యాయమైన ప్రశ్న. కానీ ఈ దారి ఎవరి సెలవునూ పట్టించుకోదు. 2019 మార్చిలో కొండల్లోని ఒక కేంద్రం 48 గంటల్లో 1,086 మిల్లీమీటర్ల వాన నమోదు చేసింది. ఫ్రాంజ్ జోసెఫ్ దగ్గర వైహో నది వంతెన కొట్టుకుపోయింది, మళ్లీ నిలబెట్టడానికి 18 రోజులు పట్టింది. ఒక్క రోజు కూడా ఖాళీ ఉంచని ప్రణాళిక ఇక్కడ మొదటి గాలివానకే చెల్లాచెదురవుతుంది. వారమే చేతిలో ఉంటే నేనైతే జాబితాలోంచి క్వీన్స్‌టౌన్‌ని కొట్టేసి, ఆ రెండు రోజుల్నీ ఖాళీగా ఉంచుతాను.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఊళ్లవాళ్లది. వెస్ట్‌ల్యాండ్ జిల్లా మొత్తం జనాభా సుమారు తొమ్మిది వేలు. టాయిలెట్ల శుభ్రత, చెత్త, మురుగు ఖాళీ చేసే డంప్ స్టేషన్లు అన్నీ ఆ కొద్దిమంది పన్నుల మీద పడే భారం. 2011 నాటి ఫ్రీడమ్ క్యాంపింగ్ చట్టాన్ని 2023లో బిగించి, సొంత ఏర్పాట్లున్న వాహనమని ధ్రువపత్రం కావాలంటే టాయిలెట్ లోపల స్థిరంగా బిగించి ఉండాలన్నారు. ఊరికే వచ్చిన నిబంధన కాదది. అయితే ఆగమంటే రోడ్డు పక్కన ఉచితంగా తిష్ఠ వేయమని కాదు. వాన పుణ్యమా అని హాలిడే పార్కులో రెండో రాత్రికీ అద్దె కట్టేవాడు బేకరీకి వెళ్తాడు, కిరాణా కొట్లో బియ్యం కొంటాడు, తడిసిన బట్టలు లాండ్రీలో వేస్తాడు. తెల్లారకుండానే వెళ్లిపోయేవాడి వల్ల ఊరికి మిగిలేది వాడి చెత్తసంచీ.