చాదస్తం అనుకునే ముందు

వయసు మళ్ళిన వారి ప్రవర్తన ఇబ్బంది కలిగించగానే ‘చాదస్తం’ అని ఒక్క మాటతో తేల్చివేయడం మనకు అలవాటు. ఆ మాట చాటున ఎన్ని వేర్వేరు స్థితులు దాగి ఉంటాయో మా పెదనాన్నగారి విషయంలో నాకు తెలిసివచ్చింది.

ఆయనది యౌవనం నుంచీ అనుమాన ప్రకృతి. ఎవరినీ నమ్మరు, చిన్న మాటను సైతం ఏళ్ళ తరబడి మనసులో ఉంచుకుంటారు. లెక్కల విభాగంలో ఉద్యోగం చేసినంతకాలం ఆ గుణమే ఆయనకు ‘నిక్కచ్చి మనిషి’ అన్న పేరు తెచ్చింది. ఇంటిలో ఆ భారమంతా పెద్దమ్మ మౌనంగా మోసింది. 2018లో ఆమె కన్నుమూశాక ఆ భారం వదినపై పడింది. పింఛను సొమ్ము కోడలు కాజేస్తున్నదని పెదనాన్నగారు ఇరుగుపొరుగుతో చెప్పసాగారు. వదిన పుట్టింటికి ప్రయాణం కట్టేవరకూ వచ్చింది.

మానసిక వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న, “ఈ తీరు ఎప్పటి నుంచి?” అని. వ్యక్తిత్వ రుగ్మత సాధారణంగా యౌవనంలోనే పొడచూపి జీవితమంతా వెన్నంటి వస్తుంది. అంతవరకూ సౌమ్యంగా ఉన్న మనిషి వృద్ధాప్యంలో కొత్తగా మారితే డిమెన్షియా, కుంగుబాటు, థైరాయిడ్ లోపం, బి12 కొరత వంటి కారణాలను వెదకాలి. గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో మతి తప్పినట్లయితే మూత్రకోశంలో ఇన్‌ఫెక్షన్ సైతం కారణం కావచ్చు. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. పరీక్షలలో పెదనాన్నగారికి వినికిడి తగ్గినట్లు తేలింది. తనకు వినపడని ప్రతి మాటా తనపై కుట్రేనని ఆయన భావించేవారు.

ఈ రుగ్మతను రూపుమాపే మాత్ర లేదు. తోడుగా వచ్చే కుంగుబాటుకు, ఆందోళనకు మందులున్నాయి. తక్కినదంతా ఇంటివారి నిలకడపై ఆధారపడుతుంది. వినికిడి యంత్రం అమర్చాం. బ్యాంకు పుస్తకం ఆయన చేతికే ఇచ్చాం. ఆరోపణ వచ్చినప్పుడు వాదించడం, ఔనని తల ఊపడం రెండూ మానివేశాం. “లెక్క పుస్తకంలో ఉంది, చూడండి నాన్నగారూ” అని అందరిదీ ఒకే జవాబు. వదినను నిందిస్తే అన్నయ్యే అడ్డుపడి ఆ సంభాషణను అంతటితో ముగిస్తాడు. నెలకు రెండు ఆదివారాలు నేను అక్కడ ఉంటాను. ఆ రెండు రోజులూ వదినవి. పెదనాన్నగారి స్వభావం మారలేదు గాని ఇల్లు నిలిచింది.

పదవీ విరమణ సభలో శాలువా కప్పి సాగనంపే మన సహోద్యోగులలోనూ ఇటువంటి వారుండవచ్చు. కార్యాలయపు క్రమం మరుగుపరచిన స్వభావం, ఆ క్రమం తొలగగానే బయటపడుతుంది. అటువంటి కుటుంబాలు సిగ్గుపడవలసిన పనిలేదు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా లభిస్తుంది. మానసిక వ్యాధికి శారీరక వ్యాధితో సమానంగా బీమా కల్పించాలని 2017 నాటి చట్టం చెబుతున్నది. వృద్ధుని వైద్యుని వద్దకు తీసుకువెళ్ళినప్పుడు, ఆయనను కనిపెట్టుకుని ఉన్న మనిషి నిద్రాహారాలను గురించి కూడా ఒక్కమాట అడిగించండి.