బుగ్గ వెలిగితే ఊపిరి పట్టాలె

కరీంనగర్‌లో నా దగ్గరికి వచ్చే గుండె రోగుల్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు, బీడీలు చుట్టే అక్కలు, మరమగ్గాల కార్మికులు. వీళ్లలో ఎవరికైనా రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి నెలలు గడిచాయంటే, స్టెంట్ వేయబోయే ముందు గుండె సీటీ తీయిస్తాను.

మామూలు యాంజియోగ్రామ్‌లో రంగు మందు (కాంట్రాస్ట్) పారినంత మేరకే నాళం కనబడుతుంది. మూసుకున్న చోట తెర ఖాళీ. సీటీలో నాళం గోడ, దానికి పట్టిన కాల్షియం, అడ్డంకి పొడవు, లోపలి మెలికలు తెలుస్తాయి. అడ్డంకి 20 మిల్లీమీటర్లకు తగ్గకపోయినా, 45 డిగ్రీలకు మించి వంపు ఉన్నా స్టెంట్‌కు దారి చేసే వైరు దూరడం కష్టం. కాల్షియం నాళం చుట్టూ కడియంలా పట్టుకుంటే మామూలు బెలూన్ విచ్చుకోదు. దాన్ని అరగదీసే రోటాబ్లేషన్‌ బర్రో, పగలగొట్టే షాక్‌వేవ్ బెలూనో ముందే తెప్పించుకోవాలి. ఖర్చెంతో ఇంటివాళ్లకు ముందే చెప్పొచ్చు. నా లెక్కలో సగం లాభం అదే.

అయితే సీటీ బొమ్మ స్పష్టంగా రావాలంటే నాడి నిమిషానికి 60 దరిదాపుల్లో ఉండాలి. అందుకే మెటోప్రోలాల్ ఇస్తాం. నాళాలు విచ్చుకోవడానికి నాలుక కింద నైట్రేట్ పెడతాం. ఆపైన కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టాలి.

సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి ఊపిరి పట్టమని మైకులో చెప్పేది వినబడనే లేదు. ఏళ్ల తరబడి సాంచల (మరమగ్గాల) చప్పుడులో పనిచేసిన చెవులవి. "మా బాపుకు చెవుల కాడికొచ్చి మొత్తుకోవాలె సారూ" అన్నాడు కొడుకు. స్కాన్ తీసేటప్పుడు ఆ గదిలో ఎవరూ ఉండరు కదా. మా టెక్నీషియన్ మిషన్ మీద వెలిగే గుర్తు చూపించి రెండుసార్లు సాధన చేయించాడు.

"గీ బుగ్గ ఎలిగితె ఊపిరి వట్టాలె, గంతేనా?" అన్నాడాయన. బొమ్మలు అద్దంలా వచ్చాయి.

సీటీ చెప్పిందంతా వేదం కాదు. కాల్షియం మెరుపు వల్ల అడ్డంకి ఉన్నదానికంటే పెద్దగా కనబడుతుంది. కిడ్నీ బాగాలేనివాళ్లకు సీటీ కోసం రంగు మందు ఎక్కించే ముందు క్రియాటినిన్ చూడాల్సిందే.

ఒక్క మాట. ఛాతీ పట్టేసి, చెమటలు పోస్తుంటే సీటీ ఎక్కడ తీస్తారని వెతక్కండి. కోరుట్లలో ఉన్నా, జగిత్యాలలో ఉన్నా, దగ్గరి ఆస్పత్రికి వెళ్లి ముందు ఈసీజీ తీయించండి.