పల్లంలో పొదుపు

నిరుడు శీతకాలపు సెలవులలో ఆదిలాబాదు నుండి కరీంనగరుకు మా ఆటోమేటిక్ కారులో మరలి వస్తున్నాము. నిర్మల్ సమీపాన మహబూబ్ ఘాట్ దిగుతూ, పెట్రోలు మిగులుతుందన్న ఆశతో గేరును న్యూట్రల్‌కు మార్చాము. రెండవ మలుపుకే వేగం మా అదుపు దాటింది. బ్రేకుల నుండి మాడిన వాసన, వెనుక సీటులో పిల్లలు, ఎదుట లారీ. ఎట్లో గుట్టవారగా ఆపి, బ్రేకులు చల్లారేవరకు మౌనంగా నిలిచాము.

పిదప ఒక మెకానిక్ మాకు పాఠం చెప్పాడు. గేరులోనే ఉంచి యాక్సిలరేటరు వదిలితే, నేటి ఇంజనుకు ఇంధనం దాదాపుగా ఆగిపోతుంది. చక్రాలే దానిని త్రిప్పుతాయి. ఆ భారమే వేగాన్ని నిలువరిస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆరిపోకుండా ఉండటానికి పెట్రోలు త్రాగుతూనే ఉంటుంది.

విద్యార్థి మిత్రులారా! ఆనాడు మేము పట్టు వదలి, దానికి పొదుపని పేరు పెట్టుకొన్నాము.