పంకా ఆగిన విమానం

నేను రచయితను కాను. ప్రయోగశాల రికార్డు తప్ప ఇంతవరకు మరొకటి వ్రాసిన పాపాన పోలేదు. సంచికకు ఏదో ఒకటి ఇమ్మని మన విద్యార్థి సంఘం కార్యదర్శి వారం రోజులు మెస్సులో నా పళ్ళెం పక్కనే కూర్చుని ప్రాణం తీశాడు. "నాకేం తెలుసు?" అంటే, "తెలిసిందే వ్రాయవయ్యా" అన్నాడు. నాకు తెలిసినవి రెండే. ఒకటి శనగ చేను, రెండోది దాని మీదుగా పోయే విమానం.

మాది అద్దంకి ప్రాంతం. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిలో కొంత భాగాన్ని, 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున, ఆపదలో విమానాలు దిగడానికి వీలుగా కట్టారు. 2022 డిసెంబరు 29న వైమానిక దళం వారు మొదటిసారి దాన్ని పరీక్షించారు. నేనప్పుడు ఇంటర్మీడియట్. నాన్న ఫోను పట్టుకొని గట్టు మీద నిలబడ్డాను. విమానం రావడమూ పోవడమూ ఒక్కటే అయింది. చెవులు మాత్రం చాలాసేపు గింగురుమన్నాయి. తీరా చూస్తే ఫోటోలో ఉన్నది ఆకాశం, కరెంటు తీగ, ఒక నలుసు. ఆ నలుసే సుఖోయ్ అంటే మా చెల్లెలు "కాకి" అని తేల్చేసింది.

మళ్ళీ 2024 మార్చి 18న వచ్చారు. ఈసారి సుఖోయ్, హాక్ విమానాలు రోడ్డును ఒరుసుకొన్నట్లు వచ్చి దిగకుండా లేచిపోయాయి. ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు నిజంగానే దిగి, మళ్ళీ ఎగిరాయి. అప్పటికి నేను డిగ్రీలో చేరాను. హాస్టల్లో ఒక సీనియర్ అన్న తన కెమెరా ఇచ్చాడు. 2010లో వచ్చిన నికాన్ డి3100, దానికి మామూలుగా వచ్చే 18-55 లెన్సు. కదిలే వస్తువుకు షట్టరు వేగం ఎక్కువ పెట్టాలని ఎక్కడో చదివి, సెకనులో వెయ్యోవంతు పెట్టుకొని కూర్చున్నాను. సుఖోయ్ ఈసారి కాకి నుంచి గద్ద అయింది, అంతే. ఏఎన్-32 మాత్రం కాస్త దగ్గరగా దొరికింది. పెద్దది చేసి చూస్తే రెండు ఇంజన్లూ, ఒక్కొక్క దానికి నాలుగేసి రెక్కలూ లెక్కపెట్టుకోవచ్చు. గర్వంగా తీసుకెళ్ళి నాన్నకు చూపించాను.

నాన్న పొగాకు బ్యారన్ దగ్గర ఉన్నాడు. చేతులు పంచెకు తుడుచుకొని చాలాసేపు చూశాడు. "ఏందిరా, పంకాలు ఆగిపోయినయ్యే! గాల్లో ఉండంగానే ఆగితే ఎట్టా దిగాడు?" అన్నాడు. ఆగలేదు నాన్నా, కెమెరా అట్లా పట్టిందని చెప్పాను. "తిరిగే పంకాకు రెక్కలు కనపడవు గదరా. నువ్వు చూసింది ఒకటి, తీసింది ఒకటి" అని కెమెరా తిరిగి ఇచ్చేశాడు.

ఆ మాట నన్ను రెండు సంవత్సరాలు వదల్లేదు. లెక్క వేసి చూశాను. పంకా నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుందనుకొంటే, సెకనులో వెయ్యోవంతులో అది కదిలేది ఆరు డిగ్రీలు. కంటికి ఆగినట్లే. అదే 1/125 సెకనులో అయితే 48 డిగ్రీలు కదులుతుంది. రెక్కలన్నీ కలిసిపోయి నాన్న చెప్పిన పంకా అవుతుంది. కాని అంతసేపు షట్టరు తెరిచి ఉంచాలంటే విమానంతోపాటు కెమెరా కూడా అదే వేగంతో, వణుకు లేకుండా తిరగాలి. లేకపోతే పంకా ఏమిటి, విమానమే పిండి అయిపోతుంది.

సీనియర్ అన్న చదువు ముగించి పోతూ పోతూ ఆ కెమెరా నాకే ఇచ్చాడు. ఇక కావలసింది లెన్సు. మిత్రులు కొందరు "ఎంత పొడుగైతే అంత మంచిది" అన్నారు. మొదట నాకూ అదే అనిపించింది. మన మొదటి సంవత్సరం ఆప్టిక్స్ కూడా అదే చెబుతుంది గదా! దూరపు వస్తువు ప్రతిబింబం పరిమాణం ఎంత అంటే, వస్తువు పొడవును నాభ్యంతరంతో గుణించి, దూరంతో భాగిస్తే వచ్చినంత. 22 మీటర్ల సుఖోయ్ కిలోమీటరు దూరంలో ఉంటే, 55 మిల్లీమీటర్ల లెన్సు దాన్ని 1.2 మిల్లీమీటర్లు చేస్తుంది. నా కెమెరా సెన్సరు వెడల్పు 23 మిల్లీమీటర్లు. అంటే చటాకు చేనులో ఒక గింజ. 300 అయితే 6.6, 600 అయితే 13.2. లెక్క ప్రకారం 600 కొనాల్సిందే.

ఒక పెళ్ళి ఫోటోగ్రాఫరు అన్నను బ్రతిమాలి 150-600 లెన్సు ఒక సాయంత్రం అడిగి తెచ్చుకొన్నాను. రెండు కిలోల బరువు. పెసర పొట్లం మోసినవాడికి రెండు కిలోలు ఒక లెక్కా అనుకొన్నాను గాని, చెయ్యి చాచి కంటి దగ్గర పట్టుకొని ఆకాశంలో తిప్పడం వేరే విద్య. పైగా 600 దగ్గర నా కెమెరాలో కనిపించే ఆకాశం వెడల్పు రెండు డిగ్రీల చిల్లర. నాలుగు పున్నమి చంద్రుళ్ళను పక్కపక్కన పెడితే నిండిపోయేంత. అందులో విమానాన్ని వెతికి పట్టుకొనే లోపల అది ఏ ఊళ్ళోనో ఉంటుంది. నిజం చెప్పొద్దూ, ఆ సాయంత్రం నాకు దొరికినవి రెండు కొంగలు. ఇంకొక సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఎండ కాగిన నేల మీద నుంచి దూరంగా చూస్తే గాలి సలసల కాగుతున్నట్లు ఉంటుంది, బొమ్మ అలలు అలలుగా వస్తుంది. ఎంత పొడుగు లెన్సు పెడితే ఆ అల కూడా అంత పెద్దదవుతుంది. దానికి మందు డబ్బు కాదు, పొద్దున్నే లేవడం.

అందుకని 70-300 అని నిర్ణయించుకొన్నాను. 70 దగ్గర పెట్టి విమానాన్ని పట్టుకోవచ్చు, పట్టుకొన్నాక 300కు లాగవచ్చు.

డబ్బు సంగతి ఇంట్లో చెప్పడానికి నెల పట్టింది. అప్పుడే బోరు మోటారు కాలిపోయి వైండింగుకు పోయి ఉంది. అమ్మ, "దీంతో ఉద్యోగమేమన్నా వస్తదా?" అని అడిగింది. సూటి ప్రశ్న. నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు. నాన్న ఏమీ మాట్లాడలేదు. మర్నాడు బస్సెక్కేటప్పుడు 20,000 రూపాయలు రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టాడు. పొగాకు డబ్బు. హైదరాబాదు దాకా ఆ జేబు మీద నుంచి చెయ్యి తీయలేదు.

కోఠిలో పాత సరుకు అమ్మే ఒక దుకాణంలో 70-300 ఒకటి చాలా చవకగా కనిపించింది. సంతోషంతో డబ్బు బయటకు తీయబోతూ, కెమెరాకు తగిలించి చూశాను. ఫోకసు తనంతట తాను కదల్లేదు. అది పాత రకం. దానిలో మోటారు ఉండదు, కెమెరాలోని మోటారుతో తిరగాలి. నా కెమెరాలో ఆ మోటారే లేదు! ఇంకొకటి చూపించారు, కొత్త రకం, దూది లాగా తేలిక. ఏ.ఎఫ్.-పి. అంటారు. దానికి మోటారు ఉంది గాని, నా పాత కెమెరాకు దానితో మాట్లాడే భాష రాదు. "చేత్తో తిప్పుకోండి సార్, అలవాటైపోతుంది" అన్నాడు దుకాణదారు. మీద మీదికి వచ్చే విమానానికి చేత్తో ఫోకసు తిప్పడం నావల్ల అయ్యే పని కాదు. మోటారుకు తగ్గ పంపు లేకపోతే నీళ్ళు రావని నాన్న బోరు దగ్గర చెప్పే మాట అక్కడ గుర్తుకొచ్చింది. డబ్బు లోపల పెట్టుకొని బయటకు వచ్చేశాను.

మూడో రకం మరుసటి రోజు ఇంకొక చోట దొరికింది. ఏ.ఎఫ్.-ఎస్., లోపలే మోటారు, చెయ్యి వణుకును సర్దే ఏర్పాటు, బరువు ముప్పావు కిలో. 14,000కు బేరం తెగింది. మిగిలిన ఆరు వేలు ఇంటికి తీసుకెళ్ళి ఇస్తే అమ్మ లెక్కపెట్టుకొంది. వైండింగువాడి బాకీ అందులోనే తీరింది.

తరువాత మూడు ఆదివారాలు గన్నవరం చుట్టుపక్కల తిరిగాను, విమానాశ్రయం గోడకు బాగా ఎడంగా, పొలాల్లోంచి. (వైమానిక దళం స్థావరాల దగ్గర కెమెరా ఎత్తడం నేరం. ఔత్సాహికులు గుర్తుంచుకోవాలి.) పొద్దున పూట దిగే ఏటీఆర్-72-600 నాకు బాగా నచ్చింది. ఆరు రెక్కల పంకాలు, అంటే రెక్కకూ రెక్కకూ మధ్య 60 డిగ్రీలు. షట్టరు 1/125కు దించి, నడుము దగ్గర నుంచి ఒళ్ళంతా విమానంతోపాటు తిప్పడం నేర్చుకొన్నాను. కొడవలి విసిరేటప్పుడు తిరిగినట్లే తిరగాలి, చేతులతో కాదు. మొదటి రెండు ఆదివారాలూ అంతా పిండే. మూడో ఆదివారం నలభై తీస్తే మూడు నిలబడ్డాయి. ఒకదానిలో కిటికీలు కూడా లెక్కపెట్టవచ్చు.

ఆ ఫోటో ఫోనులో పెట్టుకొని సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. నాన్న శనగ చేనులో ఉన్నాడు. ఎండ పడకుండా తెరకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూశాడు. విమానం వంక చూడలేదు, పంకా దగ్గరే చూపు ఆగింది.

"తిరుగుతున్నయ్యిలే" అని ఫోను నా చేతికిచ్చి, మోటారు వేయడానికి వెళ్ళాడు.