గ్లాస్గో నీతిశాస్త్ర పీఠం

ఆడమ్ స్మిత్ అనగానే మనకు మార్కెట్టూ, లాభనష్టాలూ గుర్తొస్తాయి. నిజానికి ఆయన గ్లాస్గో విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్రం చెప్పిన ఆచార్యుడు. ఆ పీఠం చరిత్ర చదివినప్పుడల్లా చదువు మీద నాకు గౌరవం పెరుగుతుంది.

1730లో ఫ్రాన్సిస్ హచిసన్ అక్కడ బోధన మొదలుపెట్టాడు. లాటిన్‌లో పాఠం చెప్పే ఆనవాయితీని పక్కనపెట్టి ఇంగ్లీషులో మాట్లాడాడు. సాటివారి మేలు కోరే గుణం మనిషి స్వభావంలోనే ఉందన్నాడు. ఆ తరగతిలో కూర్చుని విన్న కుర్రాడు స్మిత్, 1752లో అదే పీఠానికి వచ్చాడు. దైవచింతన, నీతి, న్యాయం, దేశ సంపద: ఈ నాలుగూ ఆయన పాఠంలో భాగాలే. అర్థశాస్త్రం అలా నీతిశాస్త్రం ఒళ్లోనే పెరిగింది.

ఒక యువ ప్రభువుకు చదువు చెప్పేందుకు ఒప్పుకుని స్మిత్ 1764లో విద్యా సంవత్సరం మధ్యలో కొలువు వదిలాడు. అప్పట్లో విద్యార్థులు ఫీజు గురువు చేతికే ఇచ్చేవారు. ఆఖరి తరగతికి ఆయన ఆ డబ్బును తిరిగివ్వడానికి విడివిడిగా పొట్లాలు కట్టి తెచ్చాడు. పిల్లలు ససేమిరా అన్నారు. ఆయన పక్కనున్నవాడి కోటు పట్టుకుని జేబులో పొట్లం కుక్కాడట. చెప్పని పాఠానికి డబ్బు ఉంచుకోకూడదని ఆయన పట్టుదల. ఆ తర్వాత పీఠం థామస్ రీడ్‌కు దక్కింది.

ఈనాడు మన కాలేజీల్లో వ్యాపారం ఒక గదిలో, నీతి ఇంకో గదిలో ఉన్నాయి. అర్థశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ నీతిశాస్త్రమూ చెప్పాలి. ఆ రెండూ ఒకే గురువు నోట వెలువడ్డ చదువులు.