మామయ్య తుపాకీ

తుపాకీ అంటే నాకు ఇష్టం. కాలేజీలో ప్రబంధాలు పాఠం చెప్పుకునేవాడి నోట ఈ మాట కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఏం చెయ్యను? చిన్నతనంలో అంటుకున్న సరదా.

మా మేనమామగారిది కోనసీమలో గౌతమి ఒడ్డున ఒక పల్లె. ఆయనకు కొబ్బరితోట, గోదావరి లంకలో నాలుగెకరాల భూమి, హాలు గోడకు ఒక జంట గొట్టాల తుపాకీ ఉండేవి. ఆదివారం వచ్చిందంటే వసారాలో పాత పత్రికలు పరిచి, తుపాకీని విడదీసి, గొట్టాలకు నూనె పట్టించి, కర్రభాగాన్ని మెత్తని గుడ్డతో తుడిచేవారు. నూనె గిన్నె పట్టుకునే ఉద్యోగం నాది. "ఇన్నేళ్ళ కాపురంలో నా మొహంకేసి ఒక్కనాడైనా అంత శ్రద్ధగా చూశారేమో అడగరా" అని మా అత్తయ్య వంటింట్లోంచి దెప్పేది. ఆ తుపాకీ పేలగా నేను విన్నది ఒక్కసారే. తోటలో పడ్డ కోతుల్ని బెదరగొట్టడానికి ఆకాశంలోకి పేల్చారు. కోతులు మర్నాడు మళ్ళీ వచ్చాయి.

ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషనులో అప్పగించి రశీదు తెచ్చుకోవాలి. 1994 ఎలక్షన్లకు మామయ్య వెంట నేనూ వెళ్ళాను. తుపాకీ తిరిగి ఇంటికి చేరేదాకా ఆయన ఆ ఖాళీ మేకుకేసి చూసి నిట్టూర్చడమే. కన్నకొడుకును హాస్టల్లో వేసినప్పుడు కూడా అంత దిగులు పడలేదు.

మేకు పక్కనే అల్లూరి సీతారామరాజుగారి పటం ఉండేది. "తుపాకీ అంటే ఆయనదిరా!" అనేవారు మామయ్య. చిత్రమేమంటే ఆ పటంలో ఉన్నది విల్లంబులే. 2022లో భీమవరంలో ఆవిష్కరించిన 30 అడుగుల కంచు విగ్రహమూ విల్లుతోనే నిలబడింది. కాని 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి ఆయన పట్టుకుపోయినవి తుపాకులూ తూటాలూను. మూడుచోట్లా కలిపి 26 తుపాకులు. పట్టుకుపోయినవాటికి లెక్క రాసిపెట్టి మరీ వెళ్ళారు. పోడు సాగుకు అటవీ చట్టం అడ్డం వచ్చి, రోడ్డు పనుల్లో కూలి దక్కక మన్యంవారు నలిగిపోతున్న రోజులవి. గోడకు తగిలించుకుని మురవడానికి తీసుకున్న తుపాకులు కావవి.

ఈ తేడా నాకు చాలాకాలం తట్టలేదు.

1999లో నేను డిగ్రీ చదువుతుండగా ఒక సాయంత్రం లంకభూమి కౌలుకు చేసే రైతు వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"ఆయ్, రాత్రిళ్ళు లంకలో ఒక్కణ్ణే పడుకుంటన్నానండి. పందులొచ్చి సేనంతా తవ్వేత్తన్నాయి. మోటార్లు ఎత్తుకుపోయేవోళ్ళు కూడా తిరుగుతున్నారంట. తవరు ఓ మాట సెప్పి నాకూ తుపాకీ లైసెన్సు ఇప్పిత్తారేమోనని..."

మామయ్య విరగబడి నవ్వారు. "నీకు తుపాకీయా! రేపు కౌలు అడిగితే నాకే గురి పెడతావేమో!"

నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. "సంక్రాంతికి తుపాకి రాముడి వేషం కట్టిస్తే సరి, మామయ్యా" అన్నాను. కర్ర తుపాకీ భుజాన వేసుకుని కోతలు కోస్తూ ఇంటింటికీ తిరిగే ఆ వేషగాణ్ణి తలుచుకుని ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆ రైతు కూడా నవ్వి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

పోయిన ఏడాది మామయ్య కాలం చేశారు. బావ అమెరికాలో ఉన్నాడు. తుపాకీని స్టేషనులో అప్పగించి, అది నా పేరుకు మార్పించుకునే ఉద్దేశంతో కాగితాలు తెచ్చుకున్నాను. 1962 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న ఆయుధాల చట్టం కూడా సంపాదించి చదివాను. అందులో 14వ సెక్షను దగ్గర ఆగిపోయాను. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు కాదనకూడదట! చట్టానికి తట్టిన మర్యాద మా అరుగు మీద కూర్చున్న ఇద్దరు చదువుకున్నవాళ్ళకు తట్టలేదు.

ఆ రాత్రి బావతో ఫోనులో మాట్లాడాను. బావ ఉండేది టెక్సాసులో. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ 21 ఏళ్ళు నిండినవారు, చట్టం ప్రత్యేకంగా కాదన్నవారు తప్ప, లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకోవచ్చు.

"నాకు ఆ వస్తువంటేనే అసహ్యం బావా. కాని హక్కు ఉండాలంటాను. ప్రాణభయం నాదైతే, ఆఫీసరుగారి సంతకం కోసం నేనెందుకు కాచుకోవాలి?" అన్నాడు.

"మరి మీ పక్కింటాయన అర్ధరాత్రి తాగి అరుస్తాడన్నావే! ఆయనకూ ఉండాలా?"

బావ కాసేపు మాట్లాడలేదు. "ఉండాలి. అదే నా భయం కూడాను" అన్నాడు.

తండ్రికి తుపాకీ మీద ప్రేమ, హక్కు మీద కాదు. కొడుక్కి హక్కు మీద పట్టుదల, తుపాకీ అంటే ఏవగింపు. ఇది మా ఇంటి వింతేమీ కాదు. 1878 నాటి చట్టం మనవాళ్ళకు లైసెన్సు బిగించి తెల్లవారికి మినహాయింపులిచ్చింది. ఒక జాతినంతటినీ నిరాయుధం చేశారని దాన్ని ఘాటుగా తప్పుపట్టినవారు సాక్షాత్తు గాంధీగారు. 1930 జనవరిలో ఆయన పెట్టిన 11 కోర్కెలలో ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నదొకటి. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు పౌరుడిదని రాసుకున్నారు. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్. వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ తెస్తే సభ ఒప్పుకోలేదు. అందుచేత మనకు అది హక్కు కాదు, అనుమతి.

ఒప్పుకోకపోవడమే మంచిదయిందని నాకనిపిస్తుంది. ప్రతి ఇంటి మేకుకూ తుపాకీ వేలాడే ఊళ్ళో నా పిల్లల్ని బడికి పంపలేను. కాని ఇచ్చే అనుమతికి కొలత ఒక్కటే ఉండాలి. తోటకు ఒకటీ లంకకు ఒకటీ పనికిరాదు. హక్కు గురించి మాట్లాడేవాడు తన చేతిలో తుపాకీని ఊహించుకుంటే చాలదు. తనకు నచ్చనివాడి చేతిలో, తాను చిన్నచూపు చూసినవాడి చేతిలో కూడా ఊహించుకోవాలి. అప్పటికీ సరేనంటే అది హక్కు మీద నమ్మకం. కాదంటే ఒట్టి సరదా. నాది సరదాయేనని ఇన్నాళ్ళకు తెలిసింది.

దరఖాస్తులో 'అవసరం ఏమిటి' అన్నచోట కలం ఆగింది. పందులు లేవు, దొంగలు లేరు. నూనె వాసన ఇష్టం అని రాస్తే కలెక్టరుగారు ఏమనుకుంటారు? కాగితాలు మడిచి బీరువాలో పెట్టేసి, లైసెన్సున్న వర్తకుడి ద్వారా తుపాకీ అమ్మకానికి ఏర్పాటు చేశాను. అత్తయ్య మాత్రం ఆ మేకు పీకనివ్వలేదు.

తిరిగి వస్తూ రేవు దగ్గర ఆ రైతు ఇంటికి వెళ్ళాను. ముసలివాడైపోయాడు. కౌలు మానేసి పదేళ్ళయిందట. మంచం వాల్చి, కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాడు. నేనే ఆ పాత సంగతి ఎత్తి, ఆ రోజు అలా అనకుండా ఉండవలసింది అన్నాను.

"దానికేవుందండి బాబూ! ఆ యేడు సంక్రాంతికి మా కుర్రోళ్ళు కూడా నన్ను తుపాకి రాముడనే పిలిసేరు" అని నవ్వాడు.

ఈసారి నేను నవ్వలేకపోయాను.